బావ గొంతు పెంచిన రోజు

మా బావ సైన్యంలో వైర్‌లెస్ సెట్టు మనిషి. ఇంట్లో మాత్రం ఆయన నోట మాట రావడం గగనమే. "ఈయన్ని మాట్లాడించాలంటే నేనూ ఒక సెట్టు కొనుక్కోవాలేమో" అని పెళ్లయిన కొత్తలో మా అక్క నవ్వేది. నాకైతే ఒళ్లు మండేది. నేను వ్యాను తోలుకునేవాణ్ని, పొద్దస్తమానం వాగేవాణ్ని. బావ పక్కన కూర్చుంటే గోడతో మాట్లాడినట్టే ఉండేది. ఆ మనిషి మీద నా అభిప్రాయం వరదల్లో ఒక మధ్యాహ్నం మారిపోయింది.

ఏరు పొంగి, అవతలి గట్టున బడి మేడ మీద జనం చిక్కుకుపోయారు. వాళ్లలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని సైనికులు పడవలో బయల్దేరారు, నర్సుగా పనిచేసే మా అక్కనూ తీసుకెళ్లారు. అక్కను వ్యానులో తెచ్చిన నేనూ, డ్యూటీలో ఉన్న బావా ఇవతలి గట్టునే ఉన్నాం. వాళ్ల దగ్గర వీపున మోసుకునే చిన్న సెట్టు ఒకటి ఉంది. వాళ్లు వెళ్లాక, పైన ఆనకట్ట గేట్లు ఎత్తక తప్పదని కబురొచ్చింది. ఆ నీళ్లు వచ్చేసరికి పడవ ఏట్లో ఉంటే ఇక అంతే సంగతులు. ఎవరూ పడవెక్కొద్దని చెప్పాలి. మధ్యలో గుట్ట అడ్డం. ఇవతలున్న చిన్న సెట్టుతో బావ ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

సైన్యం జీపు ఇంజను చెడిపోయి ఉంది. దాంట్లోంచి, సెట్టు గొంతును దూరం పంపే పవర్ యాంప్లిఫయర్ విప్పి బావ నా వ్యానులో పెట్టాడు. బియ్యం డబ్బా అంత ఇనప పెట్టె అది. దానికి సెట్టు తగిలించాడు, ఏరియల్ తగిలించాడు, నా బ్యాటరీ తగిలించాడు. అంతా అయ్యాక కూడా స్విచ్ వేయడే. ఏరియల్ బిగింపును తడిమి చూశాడు, మళ్లీ తడిమాడు.

"తొందరగా కానీ బావా. అవతల అక్క ఉంది."

"ఇది వదులైతే పెట్టె కాలిపోతుంది. ఇంకోటి లేదు."

ఇంజను నడుస్తుండగా పిలవడం మొదలుపెట్టాడు. అదే మాట, అదే నిదానం. "గేట్లు ఎత్తుతున్నారు. పడవ ఎక్కొద్దు. మేడ మీదే ఉండండి." సెట్టులోంచి గరగర తప్ప ఏమీ రాలేదు.

"పెట్టె పనిచేస్తున్నట్టు లేదే," అన్నాడు పక్కనే నిలబడ్డ సైన్యం ఆఫీసరు.

"పనిచేస్తోంది సార్. ఇది మన గొంతునే పెంచుతుంది, వాళ్లది కాదు. వాళ్లు వింటూనే ఉండొచ్చు, వాళ్ల జవాబే మనదాకా రావట్లేదు."

వినే ఉంటారని ఈయన నమ్మకం, సరే. వినకపోతే?

బావ మళ్లీ మైకు అందుకున్నాడు. "విన్నట్టయితే మాట్లాడొద్దు. మాట్లాడే స్విచ్ రెండుసార్లు నొక్కి వదలండి." తర్వాత నావైపు తిరిగి ఇంజను ఆపమన్నాడు.

"బ్యాటరీని నీ పెట్టె పీల్చేస్తోంది. ఆపితే మళ్లీ స్టార్టవదు."

"ఇంజను గోలంతా సెట్టులోకి వస్తోంది. ఆపు. తోయడానికి సైన్యమే ఉందిగా."

ఆపాను. అందరం సెట్టు దగ్గరికి వంగాం. గరగర, గరగర. ఉన్నట్టుండి అది ఆగింది. మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. మాట దాటలేని గుట్టను వాళ్లు స్విచ్ నొక్కిన జాడ దాటి వచ్చింది. ఆ కాస్త నిశ్శబ్దమే జవాబు. బావకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సైనికులు వ్యాను తోశారు, ఇంజను అందుకుంది.

"అక్క సంగతి అడుగు బావా," అన్నాను.

"సెట్టులో సొంత మాటలు కూడదు. అందరి క్షేమం అడుగుతా. అందరూ అంటే మీ అక్క కూడా." మైకులో, "అందరూ క్షేమమేనా? అయితే ఒక్కసారి నొక్కండి," అన్నాడు.

ఇంజను ఆపాను. గరగర ఒకసారి ఆగింది. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, ఇంకోసారి ఆగింది. ఈసారి చాలాసేపు.

"ఈ రెండోదేంటి?" అన్నాడు ఆఫీసరు.

"తెలీదు సార్," అని బావ ముఖం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు నీళ్లు తీశాక అక్క, ఆ నొప్పులు పడ్డామె పసిగుడ్డును ఎత్తుకుని, పడవ దిగింది. సెట్టులో బావ గొంతు వచ్చేసరికే సగంమంది పడవెక్కి కూర్చున్నారట.

"మెట్ల కింద దాకా వినబడింది. మేమెంత అరిచినా మీకు చేరలేదు. అందుకే సెట్టాయన్ని బతిమాలి, చివర్లో నేనూ ఒకసారి నొక్కాను," అంది అక్క.

"ఎందుకక్కా?"

"నేనున్నానా అని మీ బావ అడగలేడు కదరా."