పెద్దమ్మ చెవి

మా పెద్దమ్మ బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. మిషన్ చప్పుడులో చిన్న తేడా వస్తే చాలు, ఆపేసి, బాబిన్ విప్పి చూసి, ఒక నూనె చుక్క వేస్తుంది. పెదనాన్నకు గుండెపోటు వచ్చి ఇంటికి చేరాక ఆయన్నీ అలాగే చూసుకోవడం మొదలుపెట్టింది. నూనె ఒక్కటే మాన్పించింది.

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన మంచం మీద వాలి చొక్కా గుండీలు విప్పేవాడు. మెడలో టేపు అలాగే ఉంచుకుని ఆవిడ వంగి, ఛాతీకి చెవి ఆనించేది.

"ఏమంటోంది?" అనేవాడు.

"నిన్నటిలాగే ఉంది."

ఆ మాట చెవిన పడగానే గుర్రు మొదలు. నేను నవ్వితే పెద్దమ్మ గుడ్లురిమేది.

"నవ్వవే, నవ్వు. మొదట్లో మధ్యమధ్య ఒక దెబ్బ తప్పేది. నా పైప్రాణాలు పైనే పోయేవి. ఇప్పుడు చూడు, గీత గీసినట్టు ఒకటే వరస."

మొన్న డాక్టరమ్మ పెదనాన్న ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి ఒక రోజంతా ఉంచింది. రిపోర్టు కోసం ముగ్గురం వెళ్ళినప్పుడు, బరువు చూడటానికి నర్సు ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

"దెబ్బలు తప్పడం బాగా తగ్గిందమ్మా" అంది డాక్టరమ్మ.

"నాకు తెలుసుగా. రోజూ వింటున్నాను. ఒకే తీరుగా కొట్టుకుంటోంది."

"నా భయమూ అదేనమ్మా. గుండె మరీ ఒకే తీరుగా కొట్టుకోకూడదు. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నెమ్మది, అలా మారుతూ ఉండాలి. ఈయనకి ఆ మార్పు బాగా తగ్గిపోయింది. గుండెపోటు వచ్చినవాళ్ళలో అది మంచి గుర్తు కాదు. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి."

"అంటే తప్పినా భయమే, తప్పకపోయినా భయమేనా?"

డాక్టరమ్మ తలూపింది.

"మరి నేను దేనికోసం వినాలి?"

"అది చెవికి అందేది కాదమ్మా."

మనిషి మంచిదే. అయినా నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మకు చేతనైన పని అదొక్కటే, దాన్నీ లాగేసుకుంది. పెదనాన్న చొక్కా సర్దుకుంటూ వచ్చేసరికి మేమిద్దరం మందుల చీటీ చూస్తున్నట్టు కూర్చున్నాం.

ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది కానీ ఆవిడకు కాలు ఆడలేదు. భోజనమయ్యాక పెదనాన్న గుండీలు విప్పుకుని ఎదురుచూశాడు.

"ఏమే, ఇవాళ లేదా?"

వెళ్ళి వంగింది. చాలాసేపు వింది.

"ఏమంటోంది?"

"నిన్నటిలాగే ఉంది."

ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. గుర్రు కూడా మొదలైంది. పెద్దమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఏం వినాలో తెలియకపోయినా, వింటూనే ఉంది.