సగం పాటలు

కృష్ణపట్నం పోర్టుకు రోజూ డ్యూటీకి మమ్మల్ని తీసుకెళ్లే బస్సు డ్రైవరన్న కొత్త పాటలన్నీ పెట్టేవాడు. కానీ ఒక్కటీ పూర్తిగా విననిచ్చేవాడు కాదు. రెండో చరణం మొదలవగానే అతని చెయ్యి బటన్ మీదికి పోయేది. ఈమధ్య నాకు నచ్చిన పాటలన్నీ నాకు సగమే తెలుసు.

ఒకరోజు నాకు ప్రాణమైన పాటను మార్చబోతుంటే ఉండబట్టలేక అడిగాను. "అన్నా, ఇదొక్కటి ఉండనీ. ఎందుకట్లా మారుస్తావు?"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మా తమ్ముడు చేపల వేటకు పోయి పడవలోంచి ఫోన్ చేసినాడు సార్. నేను మంచి పాట వింటా ఉండా. అయిపోయినాక మాట్లాడదాంలే అనుకున్నా. మళ్లా చేస్తే కలవలా. పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది."

అంటూనే పాట మార్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ పాట చివరిదాకా విన్నాను. చివరి చరణమే అన్నిటికంటే బాగుంది. అయినా కుదురుగా వినలేకపోయాను. మధ్యలో రెండుసార్లు, ఎవరైనా ఫోన్ చేశారేమోనని చూసుకున్నాను.