మామ్మ తెచ్చిన పెట్టె

నెయ్యి వడ్డిస్తుంటే ఎవరైనా విస్తరికి చెయ్యి అడ్డం పెడితే ఇప్పటికీ నాకు తల వాలిపోతుంది.

రజాకార్ల గొడవలప్పుడు మా మామగారి మేనత్త, నాకు మామ్మ వరస, మధిర వైపు నుంచి ఎడ్లబండిలో జగ్గయ్యపేటకి, మా ఇంటికి వచ్చేసింది. నేను నందిగామ నుంచి కాపరానికొచ్చి అప్పటికింకా ఏడాది కాలేదు. ఆమె వెంట ఒక చిన్న చెక్కపెట్టె. దాన్ని దించడానికి ఇద్దరు మగాళ్ళు కావలసొచ్చింది. మాది కిరాణా కొట్టు. బరువు చూసి సరుకేదో చెప్పగలమని మావాళ్ళకి గొప్ప నమ్మకం. "పిల్లల్లేని మనిషి. బంగారమే" అని మామగారు గొంతు తగ్గించి తేల్చేశారు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్న ఒక్క నవారుమంచం ఆమెదే. అన్నంలో నేను నెయ్యి వంచుతుంటే విస్తరికి అరచెయ్యి అడ్డం పెట్టేది. "చాలు బిడ్డా, మీ మనసు పెద్దది" అనేది. పూటపూటా అదే మాట. నేను మురిసిపోయి ఇంకాస్త పోసేదాన్ని.

వానలు పట్టాక ఒకనాడు కాస్త ఆముదం అడిగి, మా అందరి ముందే పెట్టె తెరిచింది. నిండా ఇనప తూకపురాళ్ళు.

"మీ తాత దుకాణంవి. తుప్పు పడ్తయని" నాతో అంటూ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డకి రాసినట్టు ఆముదం రాసింది. మామగారు లేచి కొట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు నెయ్యిగిన్నె వంటింట్లోనే ఉంచమని అత్తగారు కళ్ళతో సైగ చేశారు. ఉంచేశా. పప్పు వడ్డించి, ఉత్త చేతులతో ఆమె ముందు నిలబడ్డా.

మామ్మ ఎప్పటిలాగే విస్తరికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు బిడ్డా" అంది, తలెత్తకుండా. "మీ మనసు పెద్దది."