మల్లెపూల వాసన గాలి

కంబదూరు నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఒక పైపుల యార్డు ఉంది. మంచినీళ్ల పథకానికి వేసే పెద్ద ఇనుప పైపులకు అక్కడ తుప్పు వదిలించి రంగు పూస్తారు. దాని సూపర్‌వైజరు తిప్పేష్. తండ్రి చౌడప్ప వాన మీద ఆధారపడి శనక్కాయలు పండించిన రైతు. కొడుక్కి చెమట పట్టడమే నామోషీ. యార్డులో అతనికి క్షుణ్ణంగా తెలిసిన విద్య ఒక్కటే, కుర్చీ ఎక్కడ వేసుకుంటే నీడ నిలుస్తుందో కనిపెట్టడం. నల్ల కళ్లద్దాలు రేకుల షెడ్డులో కూడా తీసేవాడు కాదు.

పని చేసేది అతావుల్లా, సుంకప్ప. పైపులోకి దూరి, సన్నటి ఇనుప రజనును గొట్టంతో జోరుగా కొడితే తుప్పు రాలుతుంది. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే భుజాల దాకా దిగే ముసుగు తొడుక్కుంటారు. కంప్రెసర్ నుంచి వచ్చే ఇంకో గొట్టం ఆ ముసుగులోకి గాలి పంపుతుంది. ఆ గాలి బాగుంటే లోపలి మనిషి బాగుంటాడు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. తిప్పేష్‌కు అదీ అర్థం కాలేదు.

ఆ మెట్ట మీద నీళ్లకే గాని గాలికి ఏనాడూ కరువు లేదు. షెడ్డుకు పడమర వైపు ఈదురుగాలి కొడుతూనే ఉంటుంది. కంప్రెసర్ ఉండాల్సింది అక్కడ. కానీ అక్కడ తిప్పేష్ మోటారుసైకిలు, మంచం ఉండేవి. కంప్రెసర్‌ను లోపల డీజిల్ జనరేటర్ పక్కకు తోయించాడు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వదిలే పొగను అది పీల్చి ముసుగుల్లోకి పంపేది. విషవాయువు వస్తే అరిచే చిన్న యంత్రం ఒకటి ముసుగులతో పాటే వచ్చింది. అది అరిచింది కూడా. మధ్యాహ్నం కునుకు చెడుతోందని తిప్పేష్ దాని తీగ పీకేశాడు.

ఒకరోజు అతావుల్లా బయటికొచ్చి వాంతి చేసుకున్నాడు.

"అన్నా, తలకాయ పగిలిపోతాండాది. ముసుగులో అంతా డీజిల్ వాసనే."

"ఏమప్పా, పొద్దున్నే తాగినావా?"

"నేను తాగేది యాడ చూసినావు? కంప్రెసర్‌ను బయట పెట్టు. లేదంటే ఒక పూట నువ్వే తొడుక్కో, తెలుస్తాది."

"గాలికి గూడా వంకలు పెట్టేవాణ్ణి నిన్నే చూస్తాండా," అని నవ్వాడు తిప్పేష్.

మర్నాడు కక్కసుల్లో వేలాడదీసే మల్లెపూల వాసన బిళ్లలు తెచ్చి కంప్రెసర్ ఫిల్టరు డబ్బాలో పడేశాడు. "ఇంగ పెండ్లికొడుకుల మాదిరి పని చేయండప్పా," అన్నాడు. అది గొప్ప ఉపాయమని అతను నిజంగానే నమ్మాడు.

పథకం ఇంజినీరు ఆశ్రిత పనులు చూడడానికి వచ్చిన రోజు కరెంటు లేదు. షెడ్డులో జనరేటర్ మోగుతోంది. ఆమె చేతిలో కెమెరా చూడగానే తిప్పేష్‌కు హుషారు పుట్టింది.

"మా యార్డులో అన్నిటికన్నా ముందు భద్రతే మేడమ్. నేనే తొడుక్కుని చూపిస్తా."

"ఇప్పుడొద్దన్నా, కరెంటు రానీ," అన్నాడు అతావుల్లా.

"నీ పని నువ్వు చూసుకోప్పా."

ముసుగు తొడుక్కుని, ఫోటో దిగి, పైపులోకి పోయాడు. కాసేపు గొట్టం మోత వినిపించింది. తర్వాత ఆగిపోయింది. పని అయిందేమో అనుకుంది ఆశ్రిత. అతావుల్లా అలా అనుకోలేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని లోపలికి పాకాడు. ముసుగు లాగేసి, తిప్పేష్‌ను కాళ్లు పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. కళ్లద్దాలు విరిగాయి. ప్యాంటు తడిసింది.

ఆశ్రిత జీపులోనే కళ్యాణదుర్గం ఆసుపత్రికి పంపారు. అక్కడ ఆక్సిజన్ పెట్టారు. నెత్తురులో పొగ కలిసిందని చెప్పాడు డాక్టరు. ఇక్కడ యార్డులో ఆశ్రిత ఫిల్టరు డబ్బా తెరిపించింది.

"ఈ బిళ్లలేమిటి?"

"మా సూపర్‌వైజరు మాకు పూసిన అత్తరు మేడమ్," అన్నాడు సుంకప్ప.

ఆమె పని ఆపించేసింది. కంప్రెసర్ పడమటి గాలిలోకి వచ్చింది. అరిచే యంత్రానికి మళ్లీ తీగ కలిసింది. అనంతపురం నుంచి మనిషి వచ్చి గాలిని పరీక్షించాకే ముసుగులు తొడగనిచ్చింది. ఆ తర్వాత ఎవరికీ వాంతులు కాలేదు.

"యాలప్పా వాణ్ణి లాగినావు?" అనడిగాడు సుంకప్ప.

"మనిషి కదా అని లాగినా. సూపర్‌వైజరని గుర్తొచ్చింటే ఆలోచన చేస్తాంటి."

తిప్పేష్ కోలుకుని వచ్చాడు. ఎండదెబ్బ తగిలిందని భార్య ఉమాదేవికి చెప్పాడు. కంబదూరు టీ హోటల్లో మాత్రం కథ మార్చాడు.

"నా పానం లెక్కజేయకుండా గాలిని నేనే పరీక్ష చేసినా. లేకుంటే మావోళ్లు ఒగొగరే సచ్చిపోతాండ్రి."

అతావుల్లా ఎదుటి బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. హోటలాయన అతని వైపు తిరిగాడు. "నిజమేనా అప్పా?"

అతావుల్లా తిప్పేష్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. మిగిలిన టీ తాగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.