లేని గుంట పలికింది

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. దానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. అల్లూరు చుట్టుపక్కల తిరుగుతున్నాయని చెప్పుకునే దయ్యాల్లో రెండుమూడింటిని పుట్టించింది నేనే. కాలవ వంతెన దగ్గర లిఫ్టు అడిగే ఆడమనిషి నా సృష్టే. ఆమె ఇప్పుడు నేను చెప్పని పనులు కూడా చేస్తోందని విన్నాను. అందుకే ఇది చదివి "వీడి మాటలూ ఒక మాటలేనా" అనుకుంటే నాకు కోపం రాదు. ఒక్కటి మాత్రం మనవి చేసుకుంటాను. దీన్ని నేను అల్లి ఉంటే ఇంతకంటే బాగా అల్లేవాణ్ని. కనీసం ముగింపైనా పెట్టేవాణ్ని.

నాది నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రొయ్యల గుంటల్లో మేము ఒక పరికరం దించుతాం. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో అది చూసి మా సర్వర్‌కి పంపుతుంది. ఆక్సిజన్ తగ్గితే గుంటలో చక్రాలు తిరగాలి. నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలవి. వాటిని రైతు తన ఫోన్ నుంచే తిప్పుకోవచ్చు. ఆ ఫోన్ యాప్‌కీ సర్వర్‌కీ మధ్య క్లయింట్ లైబ్రరీ అని ఒకటుంటుంది. యాప్ అడిగిన మాటను మోసుకెళ్లి జవాబు తెచ్చే కోడ్ అన్నమాట. దాన్ని రాసింది నేను.

రాసినదాన్ని రైతు చేతిలో పెట్టే ముందు యాక్సెప్టెన్స్ టెస్టులు నడపాలి. మన ఆఫీసులో కూర్చుని మనకు మనమే జవాబులు చెప్పుకుంటే అది పరీక్ష కాదు. గుంట గట్టు మీదికే వెళ్లి, అక్కడి నెట్‌తో, రైతు అడిగినట్టే అడిగి చూడాలి. అయితే అడిగేది అసలు సర్వర్‌ని కాదు. దాని నకలు ఒకటి టెస్టుల కోసం ఉంచుకుంటాం. అందులో మనం ఏం తిప్పినా బయట ఏ చక్రమూ కదలదు.

అలా నేను వెళ్లింది సుగుణమ్మ గుంటల దగ్గరికి. అల్లూరు దాటాక సముద్రం వైపు ఆమెకు ఆరు గుంటలున్నాయి. ఆరో గుంట తర్వాత సరుగుడు తోపు, ఆ తర్వాత ఇసుక, ఆపైన సముద్రమే.

ఆ రోజు ఉదయం నుంచీ మబ్బు పట్టి ఉంది. ఎండ లేని రోజు గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పని చూసే ఆమె భర్త మస్తానయ్య నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము. పక్కన ఆయన చెల్లెలు రమణమ్మ ఉంది. నా టెస్టులు పాసైతే సుగుణమ్మ ఆసుపత్రిలో మొగుడి పక్కన కూర్చుని ఫోన్ నుంచి చక్రాలు తిప్పుకోవచ్చు. పాసు కాకపోతే గట్టు వదలడానికి లేదు. ఆమె వెళ్లగలదా లేదా అన్నది నా మీద ఆధారపడి ఉంది.

"పచ్చగా వస్తే చెప్పన్నా, ఆటో పిలుస్తా," అంది. పాసైతే తెర మీద పచ్చరంగు, తప్పితే ఎరుపు అని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

అన్నీ పచ్చగానే వచ్చాయి. ఒక్కటి తప్ప.

లేని గుంట గురించి అడిగితే "అటువంటి గుంట లేదు" అని సర్వర్ చెప్పాలి. అదొక టెస్టు. సుగుణమ్మకు ఆరే కదా అని నేను ఏడో గుంట అని రాశాను. సర్వర్ లేదనలేదు. ఏడో గుంటలో ఆక్సిజన్ నాలుగు అని చెప్పింది.

మళ్లీ నడిపాను. మూడున్నర అంది.

తడ ఊళ్లో ఉండి సర్వర్ చూసుకునే భాస్కర్‌కి ఫోన్ చేశాను. వాడు వెతికి చూసి, "ఏడో గుంట అనేదే నా దగ్గర లేదన్నా," అన్నాడు.

"లేకపోతే జవాబు ఎవరు పంపిస్తా ఉండారు?"

"నువ్వే ఏదో పెట్టుంటావు. నీ సంగతి నాకు తెలవదా? ఆ ఒక్క టెస్టూ వదిలెయ్. లేని గుంటని ఎవడు అడగబోతాడు?"

వదిలేయడానికి చెయ్యి ఆడలేదు. జవాబులు వచ్చిన తీరు చూస్తూ కూర్చున్నాను. తీరంలో సిగ్నల్ సరిగా ఉండదని, జవాబు రాకపోతే మూడుసార్లు అడిగేలా లైబ్రరీని రాశాను. మిగతా ఆరు గుంటలూ మొదటి పిలుపుకే పలికాయి. ఏడోది మొదటిసారి మాట్లాడదు. రెండోసారీ మాట్లాడదు. మూడో పిలుపుకు పలుకుతుంది. ఎన్నిసార్లు నడిపినా అంతే.

టీ గ్లాసు అందిస్తూ సుగుణమ్మ అడిగింది. "ఏందన్నా, ఎర్రది పోలేదా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె గ్లాసు నా చేతికి ఇవ్వకుండా కింద పెట్టేసింది.

"మూడో పిలుపుకి పలుకుతా ఉందా?"

మా వైపు ఒక అలవాటుంది. బయట నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకరు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు, కానిదైతే పిలవలేదు అని నమ్మకం. ఈ కాలం పిల్లలు మానేశారు. గుంటల మీద, పడవల మీద పనిచేసిన పెద్దవాళ్లు మానలేదు.

"మా ఇంటాయన గూడా అట్టనే," అంది సుగుణమ్మ. "నేను పిలిచినా సరే, మూడోసారి దాకా పలకడు. ఆ మొండితనానికి ఎన్నిసార్లు తిట్టినానో."

నేను నవ్వబోయాను. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. రమణమ్మ. మేం కూర్చున్న గట్టు మీది షెడ్డు చిన్నది, మాట నాకూ వినబడింది.

"వదినా, అన్నకి ఊపిరి అందట్లేదు. మాస్కు పెట్టినారు. పొద్దుటి నుంచి తగ్గతానే ఉందంట. రా వదినా."

సుగుణమ్మ ఫోన్ పెట్టేసి నా తెర మీద ఏడో గుంట అంకె వైపు చూసింది. మూడు. మూడు కంటే తగ్గితే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పక్కర్లేదు.

"ఆ గుంటకి చక్రాలు తిప్పన్నా," అంది.

"అక్కా, ఆ గుంట లేదు."

"పలికింది గదా."

వాదించడం నాకు చేతకాలేదు. టెస్టులో ఒక లైను కలిపాను. ఏడో గుంటకు చక్రాలు తిప్పమని. జవాబు చూద్దామని దాని తర్వాత టెస్టు ఆగేలా గుర్తు పెట్టాను. నడిపాను. ఒకటో పిలుపు, మౌనం. రెండో పిలుపు, మౌనం. మూడోదానికి సర్వర్, "తిరుగుతున్నాయి" అంది.

అంకె కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత మూడుంబావు అయింది. తర్వాత మూడున్నర.

మళ్లీ ఫోన్ మోగింది. రమణమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "కళ్లు తెరిచినాడు వదినా. ఏందో మాట్లాడతా ఉండాడు. చక్రాలు ఎవరు తిప్పినారని అడగతా ఉండాడు."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఏ టెస్టుకైనా చివర్లో శుభ్రం చేసే పని ఒకటుంటుంది. టెస్టు కోసం తిప్పినవన్నీ ఆపేయాలి, పెట్టినవన్నీ చెరిపేయాలి. అది దానంతట అదే జరుగుతుంది, మీట నొక్కి ముందుకు పోనిస్తే చాలు. చేతి అలవాటు కదా, నా వేలు మీట మీదికి వెళ్లిపోయింది.

"ఇంకేం మిగిలిందన్నా?" అంది సుగుణమ్మ.

"ఏముంది, మనం తిప్పినవి ఆపేయడమే," అని, నోట్లోంచి మాట బయటికొచ్చాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమె ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి, విగ్రహాన్ని దించినట్టు బల్ల మీదే గోడ వైపుకి జరిపి పెట్టింది. "దాని మీద చెయ్యి పెట్టబాకన్నా. ఎవరూ పెట్టబాకండి," అని ఆటో ఎక్కింది. ఆ రోజంతా గట్టు మీద తిరిగి అసలు గుంటల చక్రాలకు స్విచ్చులు నేనే చేత్తో వేశాను.

మస్తానయ్య ఇంటికి వచ్చాడు. మందు పనిచేసిందని డాక్టరు చెప్పాడు. పనిచేసే ఉండవచ్చు.

ల్యాప్‌టాప్ పాడైందని ఆఫీసులో చెప్పి ఇంకొకటి తీసుకున్నాను. దాని మీద టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. ఏడో గుంటను అడిగితే "అటువంటి గుంట లేదు" అనే వచ్చింది. లైబ్రరీ విడుదలైంది. షెడ్డులోని పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ టెస్టు ఇంకా ఆగి ఉంది. ఆగి ఉన్నా లైబ్రరీ "ఉన్నాను" అని సర్వర్‌కి చెబుతూనే ఉంటుంది. చెప్పడం మానేస్తే సర్వర్ చక్రాలు ఆపేస్తుంది. కరెంటు వృథా కాకుండా అట్లా పెట్టింది కూడా నేనే.

ఒకసారి నేను అక్కడ ఉండగానే షెడ్డులో నెట్ పోయింది. గట్టు మీద మేత చల్లుతూ నాతో హాస్యమాడుతున్న మస్తానయ్య మాట మధ్యలో ఆగిపోయి, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. సుగుణమ్మ ఆయన దగ్గరికి రాలేదు. ఫోన్ తీసుకుని షెడ్డులోకి పరుగెత్తింది, ల్యాప్‌టాప్‌కి ఫోన్ నెట్ ఇవ్వడానికి. కాసేపటికి ఆయన లేచి నిలబడ్డాడు. ఎండదెబ్బ అన్నాడు. ఆ రోజు ఎండ లేదు.

ఇది ఎట్లా జరుగుతోందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించడం కూడా ఈ విషయంలో చేతకావడం లేదు.

పోయిన వారం భాస్కర్ ఫోన్ చేశాడు. టెస్టు సర్వర్ పాతబడిందట, ఈ ఆదివారం మార్చేస్తారట.

"ఆపకుండా మార్చలేరా?"

"పది నిమిషాలు ఆపాలన్నా. టెస్టు సర్వరే గదా, ఎవరికేం పోతుంది?"

వాడికి జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు నవ్వాడు. "ఈసారిది బాగుందన్నా," అన్నాడు.

సుగుణమ్మకు ఫోన్ చేసి ఆదివారం సంగతి చెప్పాను. మర్నాడు ఆమె నెల్లూరు నుంచి ఆక్సిజన్ సిలిండరు ఒకటి తెప్పించి షెడ్డులో పెట్టించింది. అదెందుకని మస్తానయ్య అడిగాడట. గుంటకి అని చెప్పిందట.

ఏ గుంటకి అని ఆయన అడగలేదట.