మామయ్య కంట్లో నలుసు

ఆ రోజుల్లో మగవాడు పెద్దల ముందు కన్నబిడ్డను ఎత్తుకోవడమంటే బజార్లో పంచె ఊడదీసుకున్నంత సిగ్గుమాలిన పని. పక్కింటివాళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకోవచ్చు, మేకపిల్లను భుజాన వేసుకుని ఊరంతా తిరగొచ్చు, కోడిపుంజును చంకలో పెట్టుకుని ముద్దులాడొచ్చు (మా అత్తగారి తమ్ముడొకాయనకు రోజంతా అదే పని). సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు పడిపోవాలి. ఇప్పుడు ఖమ్మం బజార్లో చూస్తుంటాను, కుర్ర తండ్రులు పసిపిల్లల్ని సంచిలో వేసి పొట్టకు కట్టుకుని, జేబులో పాలసీసా పెట్టుకుని, తమ తల్లిదండ్రుల పక్కనే దర్జాగా నడిచిపోతుంటారు. వాళ్ళను చూస్తే ముందు ముచ్చటేస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఆ మంట వాళ్ళ మీద కాదు లెండి. దాదాపు నలభై ఏళ్ళ కిందట నా పక్కన గొడుగు పట్టుకుని నడిచిన ఒక లెక్కల మాస్టారి మీద.

ఆ మాస్టారు మా ఆయనే. తరగతి నిండా ఉన్న పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. ఆయన తండ్రి, అంటే మా మామయ్య, గుమ్మంలోకి వచ్చాడంటే మాత్రం లేచి గోడకు అతుక్కుపోయి, తనకు పెళ్ళయిన సంగతి కూడా తెలియనట్టు ముఖం పెట్టేవాడు. తండ్రి ఉన్నచోట పెళ్ళాంతో మాట్లాడకూడదని ఆయనకో నియమం. మామ ఎదురుగా నోరు విప్పకూడదని నాకో నియమం. కోడలి ముఖం చూసి మాట్లాడకూడదని మామయ్యకో నియమం. ఇవన్నీ ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు ఒక చంటిపిల్లను, ఒక రెండేళ్ళవాణ్ణి వెంటబెట్టుకుని ఏనాడూ బస్సు ఎక్కి ఉండడని మాత్రం రాసిస్తాను.

మా పుట్టిల్లు ముదిగొండ పక్కన. అత్తగారి ఊరు భద్రాచలం దాటి అడవి అంచున. రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చిన నన్ను, పసిదానికి మూడో నెల రాగానే తీసుకుపోవడానికి తండ్రీకొడుకులిద్దరూ కలిసి వచ్చారు. మా పెద్దవాడు, వాణ్ణి అందరం బుడ్డోడు అనేవాళ్ళం, అన్ని నెలలూ వాళ్ళ నాన్న కోసం కలవరించాడు. ప్యాంటు వేసుకున్న ప్రతి మనిషినీ 'నాన' అని పిలిచి, చివరికి పోస్టుమాన్ చేత కూడా ఎత్తించుకున్నాడు. అసలు నాన వచ్చిన సాయంత్రం ఏం చేశాడనుకున్నారు? మామయ్య కాళ్ళు కడుక్కునే సమయం చూసి, బుడ్డోణ్ణి గడ్డివాము వెనక్కి తీసుకుపోయి, దొంగసొత్తు దాచుకున్నట్టు గుండెకు అదుముకుని ముద్దులు పెట్టాడు. తెల్లారి తండ్రి పక్కన నిలబడి, అదే పిల్లాడు ఎదురుగా చేతులు చాస్తే, దూడకు గడ్డి వేశారా లేదా అని చూడటానికన్నట్టు తల తిప్పుకున్నాడు. రెండేళ్ళవాడికి ఈ మర్యాదలు ఏం తెలుస్తాయి? నిన్న ముద్దుపెట్టిన నాన ఇవాళ తనను ఎందుకు ఎరగనట్టు ఉన్నాడో వాడికి అర్థం కాలేదు. కింది పెదవి మెల్లగా బయటికి వచ్చింది. ఊరు చేరేలోపు ఈ మనిషి చేత ఈ పిల్లాణ్ణి, అందరి ముందు, ముఖ్యంగా ఆయన తండ్రి ముందు ఎత్తించి తీరాలని ఆ క్షణంలోనే అనుకున్నాను.

బయల్దేరేముందు మా అమ్మ ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోసి నడుముకు కట్టి పంపుతారు, అత్తారింట్లో దేవుడి ముందు దాకా విప్పకూడదు. శుభమే, కాదనను. కానీ ఒడి నిండా బియ్యం ఉంటే బిడ్డను ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఏ పెద్దముత్తైదువా చెప్పలేదు. ఒక చేతిలో పసిది, ఇంకో చంకలో బుడ్డోడు, నడుముకు బియ్యం, భుజాన తడిగుడ్డలూ పొడిగుడ్డలూ ఉన్న సంచి. (నేను పహిల్వాన్ను కాదండీ, బాలింతను.) మామయ్య మావాళ్ళు పెట్టిన చెక్క తొట్టెలను, అదే పసిదాని ఉయ్యాలను, నెత్తికి ఎత్తుకున్నాడు. తాత మనవణ్ణి ఎత్తుకుంటే తప్పులేదు, పాపం ఆయన ప్రయత్నించాడు కూడా, కానీ ఆ గుబురు మీసాలు దగ్గరికి రాగానే బుడ్డోడు గుక్కపట్టాడు. ఇక మా ఆయన చేతిలో ఒక గొడుగు, ఒక పేపరు. మా అమ్మ ఉండబట్టలేక, "అల్లుడుగారూ, పిల్లగాణ్ణి జర అందుకోరాదుండ్రి" అంది. ఆయన తండ్రి వైపు ఒకసారి చూసి, "చేతుల గొడుగున్నది గద అత్తమ్మా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గొడుగును రెండు చేతులతో పట్టుకున్నాడు, అది ఎక్కడ తేలిపోతుందో అన్నట్టు.

ఖమ్మంలో కొత్తగూడెం బస్సు ఎక్కాం. నాకూ పిల్లలకూ ముందు సీటు, తండ్రీకొడుకులకు మా వెనక సీటు. బస్సు కదిలిందో లేదో, బుడ్డోడు సీటు మీద నిలబడి వెనక్కి తిరిగి "నాన, నాన" అని మొదలుపెట్టాడు. మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వీడు పేపరు మీద కొట్టాడు. ఆయన పేపరు పైకి జరుపుకున్నాడు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఇదంతా కాసేపు చూసి, ఇక ఆగలేక వెనక్కి తిరిగింది. "ఏందయ్యా, పసిపోరడు నాన నాన అని పిలుస్తుంటే గట్ల రాయి లెక్క కూసున్నవు? ఎవల బిడ్డయితేంది, జర ఎత్తుకుంటే నీ సొమ్మేం పోతది?" మా ఆయన పేపరు దించి, అటు తండ్రినీ ఇటు ముసలమ్మనూ చూసి, "నాకేం తెలుసమ్మా" అన్నాడు. నాకేం తెలుసట! ఇద్దరు పిల్లలు పుట్టాక ఏం తెలియదట! ముసలమ్మ నావైపు జాలిగా చూసి, "నీ మొగడు రాలేదా బిడ్డా?" అని అడిగింది. "లేదవ్వా, గొడుగొచ్చింది" అన్నాను. వెనక సీట్లో మామయ్య గట్టిగా దగ్గాడు.

కొత్తగూడెంలో బస్సు మారితే సీటు దొరకలేదు. సలహాలు మాత్రం బోలెడు దొరికాయి. పసిదాని తల మీద గుడ్డ కప్పమని ఒకామె, గాలాడదు తియ్యమని ఇంకొకామె. పిల్లకు దిష్టి తగిలిందని ఒకావిడ, కడుపునొప్పి అని మరొకావిడ, నా తలకాయ మీదుగా పోట్లాడుకున్నారు. సీట్లో కాళ్ళు బార్లా చాపుకున్న ఒక పెద్దమనిషి, "గింత చిన్న పిల్లను ఏసుకొని వానల్ల బయల్దేరినవేందమ్మా" అని నా తెలివితక్కువతనానికి ఎంతో బాధపడ్డాడు. అంత బాధలోనూ కాళ్ళు మాత్రం దగ్గరికి తీసుకోలేదు. ఈలోగా బుడ్డోడు నా ఒడిలోకి చెయ్యి దూర్చి ఖర్జూరాలు తవ్వి తింటూ, గింజలన్నీ ఆ పెద్దమనిషి చొక్కా జేబులో వేశాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

భద్రాచలంలో ముచ్చటగా మూడో బస్సు ఎక్కాం. అప్పటికి నా చేతులు నావి కావు. బుడ్డోడు 'నాన' అనడం కూడా మానేశాడు. నా భుజం మీద తల పెట్టి, వెనకనున్న తండ్రిని కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాడు. వాడు ఏడ్చినంతసేపూ నాకు కోపమే వచ్చింది గానీ, వాడు ఊరుకోవడం చూశాక భయమేసింది. పిలిచినా రాడు అని ఒకసారి మనసులో పడిపోతే, ఆ తర్వాత ఎన్ని గడ్డివాముల వెనక ముద్దులు పెట్టి ఏం లాభం?

ఊరు ఇంకో కోసెడు దూరం ఉందనగా వాగు వచ్చింది. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది, అంటే వాగు అడుగున పోసిన సిమెంటు దారి. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, చప్టా మీదుగా మోకాళ్ళ కింది దాకా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. డ్రైవర్ బస్సు ఆపేసి, "ఇంజన్లకు నీళ్ళు పోతయి, నాతోని గాదు. ఆవలి గడ్డన ఇంకో బస్సున్నది, నడిచి దాటుండ్రి" అన్నాడు. జనం చెప్పులు చేతబట్టుకుని దిగారు. మామయ్య తొట్టెల నెత్తికెత్తుకున్నాడు. మా ఆయన ప్యాంటు మడిచాడు, గొడుగు తెరిచాడు (వాన లేదు, ఎండా లేదు). నేను గట్టు మీద ఒక రాయి చూసుకుని, పిల్లలిద్దరితో కూర్చుండిపోయాను.

మామయ్య ఆగాడు. నాతో మాట్లాడకూడదు కాబట్టి బుడ్డోడి వైపు తిరిగాడు. "ఓ బుడ్డోడా, పొద్దు వోతున్నది, జల్దీ లెవ్వుమని మీ అమ్మకు చెప్పు."

నేను బుడ్డోడి చెవి దగ్గర, అవతలి గడ్డ దాకా వినిపించేట్టు అన్నాను. "మీ అమ్మకు ఉన్నయి రెండే చేతులని మీ తాతకు చెప్పు."

మా ఆయనకు నోరు విప్పక తప్పలేదు. ఆయనా కొడుకునే పట్టుకున్నాడు. "ఒరేయ్, గిదేంది, నలుగురు చూస్తున్నరని మీ అమ్మకు చెప్పు."

"పొద్దటి సంది చూస్తనే ఉన్నరని మీ నాయినకు చెప్పు. ఇంకింత చూడనీయమను."

ముగ్గురు పెద్దవాళ్ళం ఉన్నాం, మా మధ్య మాట్లాడే అర్హత మాత్రం వాడొక్కడికే ఉంది. వాడికేమో వచ్చినవి నాలుగైదు మాటలు. మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. అదే సమయానికి సంత నుంచి వస్తున్న ఒక కోయజంట మమ్మల్ని దాటి వాగులో దిగింది. మగమనిషి భుజాల మీద పాప, చేతిలో కోడి. గొడుగు పట్టుకున్న మా ఆయన్ని ఎగాదిగా చూసి, అతను వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, భార్య పకపకా నవ్వింది. మాట అర్థం కాలేదు గానీ నవ్వు బాగానే అర్థమైంది. బుడ్డోడు ఆ పాపను చూశాడు, తండ్రిని చూశాడు, పొద్దుటి నుంచి పడిన అవమానమంతా మరిచిపోయి ఇంకోసారి చేతులు చాచాడు. "నాన."

అవతలి గడ్డ మీద బస్సు హారన్ కొడుతోంది. మామయ్య తొట్టెల కింద నిలబడి వాగును చూశాడు, మబ్బును చూశాడు, చాచి ఉన్న ఆ చిన్న చేతుల్ని చూశాడు. నన్ను ఇటునుంచి ఇటే పుట్టింటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన తొట్టెలను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కండువా తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఓ బుడ్డోడా, నా కంట్ల నలుసు వడ్డది. ఏం కనవడతలేదు. ఇంటికి పొయ్యేదాక గూడ కనవడేటట్టు లేదు. గీ సంగతి మీ నాయినకు చెప్పు."

అనేసి వాగులోకి దిగాడు. ఏమీ కనపడని ఆ మనిషి చప్టా అంచు తప్పకుండా, గుంటలు తప్పించుకుంటూ, తొట్టెల ఒరగకుండా ఎంత చక్కగా నడిచిపోయాడో మీరు చూడాల్సింది. లెక్కల మాస్టారికి ఆ లెక్క అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గొడుగు మూసి, చొక్కా వెనక కాలరుకు తగిలించుకుని, బుడ్డోణ్ణి ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. ఒక చేత్తో వాడి కాళ్ళు, రెండో చేత్తో నా రెక్క పట్టుకున్నాడు (అది నేను అడగలేదు). నీళ్ళలోకి దిగాక బుడ్డోడు రెండు గుప్పిళ్ళతో నాన్న జుట్టు పట్టుకుని, ఆ తల మీద గడ్డం ఆనించి, పెద్దవాళ్ళు విడిచినట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. సగం వాగులో ఉండగా మామయ్య వెనక్కి తిరిగి చూశాడు. రెండు కళ్ళూ నిక్షేపంలా తెరుచుకుని చూశాడు. నేను చూస్తున్నానని తెలిసి గబుక్కున మూసుకున్నాడు.

ఆవలి బస్సులో బుడ్డోడు దిగమంటే దిగలేదు, నాన్న ఒళ్ళోనే నిద్రపోయాడు. మామయ్య ఊరు వచ్చాక కూడా కళ్ళు తెరవలేదు. ఇంటికి చేరగానే మా అత్తగారు ఆ మూసిన కళ్ళు చూసి కంగారుపడి, నలుసని వినగానే ఆముదం గిన్నె తెచ్చింది. ఏ నొప్పీ లేని కళ్ళలో రెండేసి చుక్కల ఆముదం వేయించుకుని, కిమ్మనకుండా మంచం మీద పడుకున్న ఆయన్ని చూసి నాకు నవ్వు ఆగలేదు. వంటింట్లోకి పోయి నవ్వుకుని, అక్కడే కాస్త ఏడ్చాను కూడా. ఆ మరుసటి రోజు నుంచి మా ఆయన మళ్ళీ గోడకు అతుక్కునే ఉన్నాడు, నియమాలేమీ మారలేదు. అయితే బుడ్డోడు నాన్న మీదికి ఎక్కినప్పుడల్లా మామయ్యకు మాత్రం ఎద్దుల్ని చూసి రావాల్సిన పని పడేది.

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మా బుడ్డోడికిప్పుడు బట్టతల. మొన్న మా ఇంటికి వచ్చి, తండ్రి ఎదురుగానే తన చిన్నకూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని వాకిలంతా గంతులేశాడు. పట్టుకోవడానికి జుట్టు లేక అది వాడి చెవులు పట్టుకుంది. మా ఆయన కుర్చీలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపైనా పేజీ తిరగదే! దగ్గరికి వెళ్ళి పేపరు దించి, "ఏమైంది?" అన్నాను.

"ఏం లే. కంట్ల నలుసు వడ్డది" అన్నాడు.

ఈ ఇంటి మగవాళ్ళకు ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బులాగుంది. ఇన్నేళ్ళుగా ఆ గొడుగు పేరు చెప్పి ఈ మనిషిని దెప్పని పండగ లేదు. ఆ రోజు కూడా నోటిదాకా వచ్చింది. ఎందుకో అనలేకపోయాను. కొంగు ముద్దచేసి, నోటితో ఊది, ఆ కంటికి అద్దాను. నలుసేమీ రాలేదు, కొంగు మాత్రం తడిసింది.