మడత తెగని పుటలు

యానినా పట్టణంలో మా చర్చికి ఎదురుగా స్త్రాతీస్ పుస్తకాల దుకాణం ఉండేది. ఆ రోజుల్లో మా పుస్తకాలు అంచులు కోయకుండానే ముద్రణాలయం దాటి వచ్చేవి. పుటలు మడతల్లో ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండేవి. చదివేవాడే చాకు పట్టి, మడత తెంచుకుంటూ ముందుకు సాగాలి. తక్కిన దుకాణాల్లో మడత చెదరని పుస్తకమే కొత్తది. స్త్రాతీస్ దగ్గర మాత్రం మడతలన్నీ తెగిన పుస్తకమే అమ్మకానికి అర్హమైనది. తాను ఆసాంతం చదవని పుస్తకాన్ని ఆయన ఎవరి చేతిలోనూ పెట్టి ఎరుగడు. ఎముకతో చేసిన చిన్న చాకుతో, ఆరాధనకు రొట్టె కోసే యాజకుని శ్రద్ధతో పుటలు విడదీసేవాడు. చదవడం ముగిసేసరికి ఆ పుస్తకం ఎవరికి చెందినదో ఆయనకు తెలిసిపోయేది. అందుచేత వచ్చినవారు ఫలానా పుస్తకం కావాలని అడిగేవారు కారు. గుమ్మంలో నిలిచి, "నాకేముంది?" అనేవారు.

ఆయన భార్య పొలిక్సేని దుకాణం ఊడ్చేది, కాఫీ కాచేది. పుస్తకం మాత్రం తెరిచేది కాదు. నేను ఆ చర్చిలో కీర్తనలు పాడేవాణ్ణి. ఉదయారాధన ముగియగానే కాఫీకి అక్కడే చేరేవాణ్ణి. "ఇంట్లో ఒక్కరికి పిచ్చి ఉంటే చాలదా, పంతులుగారూ?" అనేది నాతో.

ఒక శీతకాలం స్త్రాతీస్ చేతికి ఎవరూ పేరు వినని రచయిత పుస్తకమొకటి వచ్చింది. రచయిత సొంత ఖర్చుతో కొద్ది ప్రతులే వేయించుకున్నాడు. మరొకటి ఎక్కడా దొరకదు. కొండల్లో ఊరూరా తిరిగి ఇళ్లు కట్టే రాతిమేస్త్రీల కథ అది. ఆ శనివారం ఆసుపత్రి నర్సు ఆర్గిరో వచ్చింది. ఆమె తండ్రి అటువంటి మేస్త్రీయే. ఆమె పాలు తాగే వయసులోనే గోడ మీదినుంచి పడి మరణించాడు.

"ఇది నీదేనమ్మాయ్. ఇంకా సగముంది. వచ్చే శనివారం రా," అన్నాడు స్త్రాతీస్.

ఆ శనివారం రాకముందే ఆయన తన కుర్చీలోనే కన్నుమూశాడు. చాకు పుటల నడుమనే ఉండిపోయింది.

ఆయన పోయిన నలభయ్యోనాటి స్మారక ప్రార్థన నేనే పాడాను. దానిమ్మ గింజలు కలిపిన ఉడికించిన గోధుమలు అందరికీ పంచిన తరువాత ఆర్గిరో మా వెంట దుకాణానికి వచ్చింది.

"అత్తా, ఆ పుస్తకం..."

"అమ్మకానికి లేదు."

"మామయ్య నాకిస్తానన్నాడు కదా!"

"చదివాక ఇస్తానన్నాడు. చదివాడా? లేదుగా."

"మిగతా సగం నేను కోసుకుంటాలే అత్తా."

పొలిక్సేని ముఖం కందిపోయింది. "ఆ మాట ఇంకోసారి అనకు! ఆయన చెయ్యి ఆగిన చోట ఇంకో చెయ్యి పడకూడదు."

"మా నాన్న ఎట్లా బతికాడో మా అమ్మ కూడా చెప్పదు. అందులోనైనా కాస్త కనిపిస్తాడేమోనని..." ఆర్గిరో మాట పూర్తి చేయలేక వెళ్లిపోయింది.

ఆ తరువాత స్త్రాతీస్ చదివి ఉంచిన పుస్తకాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చదవనివి బల్లమీద గుట్టగా మిగిలాయి. ఎవరు చెయ్యి చాపినా పొలిక్సేని, "అవి ఆయన చదవలేదు," అనేది. వచ్చేవారు తగ్గారు.

ఒకనాడు నేనే అడిగాను: "మరి వాటిని ఎవరు చదవాలమ్మా?"

"మీరున్నారుగా. చదవండి."

"నేను దుకాణదారుణ్ణి కాను."

ఆమె కాఫీ చల్లారిపోయేదాకా ఆ గుట్టవైపే చూస్తూ కూర్చుంది.

పునరుత్థాన పండుగకు ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు మొదలైన వారంలో ఒక ఉదయం, గుమ్మంలో అడుగు పెట్టబోతూ కాగితం చిరిగిన చప్పుడు విన్నాను. పొలిక్సేని తన భర్త కుర్చీలో, ఆ మేస్త్రీల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చాకు పట్టుకుని కూర్చుని ఉంది.

"చిరిగిపోతోంది, పంతులుగారూ!" అంది, కళ్లనిండా నీళ్లతో.

"చాకును నిలబెట్టకండి. పడుకోబెట్టి లాగండి."

"ఆయన కోసినంత మేరా మళ్లీ మళ్లీ చదివాను. ఇక్కడికొచ్చి ఆగిపోయేదాన్ని. మేస్త్రీల కుర్రాడొకడు గోడెక్కి నిలబడ్డాడు, గాలి వీస్తోంది. ఏమయ్యాడో తెలీకుండానే ఈయన పోయాడు."

"ఇప్పుడు మీకు తెలుసుకోవాలనిపించిందా?"

"నాకేం పట్టింది? సమాధి దగ్గర దీపం పెట్టినప్పుడల్లా ఆయనకేదో ఒకటి చెబుతుంటాను. ఇది చెప్పొద్దూ మరి?"

దినదినమూ కొద్దికొద్దిగా కోసి, పెదవులు కదుపుతూ చదివింది. చదివినంత మేరా శ్మశానానికి పోయి చెప్పివచ్చింది. పండుగ ముందు శనివారం ఆర్గిరోకు ఆమెయే కబురు పంపింది.

"ఇదిగో, తీసుకో. నాకైతే నచ్చలేదు."

ఆర్గిరో తెల్లబోయింది. "నచ్చలేదా?"

"ఒక్క బడి కట్టడానికి ఇంత సాగదీయాలా? రాయికో పుట! మేస్త్రీలు అలాగే ఉంటారంటావా, ఉండనీ. కానీ ఇది నీదే. అందులో మీ మామయ్య పొరబడలేదు."

ఆర్గిరో పుస్తకపు అంచు వెంబడి బొటనవేలు నడిపింది. సగందాకా నునుపుగా సాగిన వేలు హఠాత్తుగా గరుకు తగిలి ఆగింది.

"అక్కణ్ణుంచి నేను," అంది పొలిక్సేని మెల్లగా.

"ఆ గోడమీది కుర్రాడు..."

"నేను చెప్పను. చదువుకో."

ఆర్గిరో ఆమె చేతిని ముద్దాడి, పుస్తకాన్ని కోటు లోపల దాచుకుని వెళ్లింది. పొలిక్సేని చాకును ఏప్రన్‌కు తుడిచి, గుట్టమీది పై పుస్తకం అందుకుంది.

నేను లేచి గుమ్మందాకా వెళ్లి, వెనుదిరిగి నిలిచాను. "అమ్మా, నాకేముంది?"

"కాస్త ఆగండి, పంతులుగారూ," అందామె తల ఎత్తకుండానే. "ఇంకా చదవలేదు."